నాన్న వైపు ఎవరికైనా వచ్చిందా?

అక్కచెల్లెళ్ళూ, ఈసారి చీరలూ వంటలూ కాసేపు పక్కన పెడదాం. మనసులో నలుగుతున్న మాటొకటి చెప్పుకోవాలి.

ఆమధ్య డాక్టరమ్మ "మీ ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా?" అని అడిగితే తడుముకోకుండా "లేదండీ" అనేశాను. అమ్మ, పెద్దమ్మ, పిన్ని నిక్షేపంగా ఉన్నారు కదా! "మరి నాన్నగారి వైపు?" అంది. నాకు నోట మాట రాలేదు.

మా మేనత్త గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఆవిడ ఆరు నెలలు మా ఇంట్లోనే ఉంది. ఎండాకాలంలో కూడా పైట భుజాల నిండా కప్పుకునేది. ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు, దండెం మీద బట్టలు ఆరెయ్యాలంటే నన్ను పిలిచేది. "అత్తకి ఒంట్లో బాలేదు" అనేవారే గానీ జబ్బు పేరు ఎవరూ పలకలేదు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్న ఇల్లు మరి.

రొమ్ము క్యాన్సర్ తల్లి నుంచే వస్తుందని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం తండ్రి నుంచీ అంతే సులువుగా రావచ్చు. ఆడైనా మగైనా బిడ్డకి సగానికి సగం అవకాశం. తండ్రి జీవితాంతం ఆరోగ్యంగానే ఉండి కూతురికి దాన్ని అందించవచ్చు. అలాగని ఇంట్లో ఒకరికి వస్తే అందరూ బెంబేలెత్తక్కర్లేదమ్మా. నూరు రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10. కానీ ఆ లోపం ఉన్న ఆడవాళ్ళలో నూటికి 60 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ రావచ్చు. అందుకే అడగమంటున్నాను.

ఏం అడగాలంటే, ఎవరికి వచ్చింది, ఏ వయసులో వచ్చింది, రెండు రొమ్ములకీ వచ్చిందా, ఇంట్లో అండాశయ క్యాన్సర్ ఉందా, మగవాళ్ళలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా. వయసు మాత్రం మరిచిపోకండి. డెబ్బై ఏళ్ళకి రావడం వేరు, నలభై లోపు రావడం వేరు.

జన్యు పరీక్షలో లోపం ఉందని తేలితే 25 ఏళ్ళ నుంచే ఏటా ఎమ్మారై, 30 నుంచి దాంతోపాటు మామోగ్రామ్ చేయిస్తారు. చిన్నవయసులో రొమ్ము కండ బిగువుగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ దాగిపోవచ్చు. 2013లో హాలీవుడ్ నటి ఏంజలీనా జోలీలా ముందే రొమ్ములు తీయించుకునేవాళ్ళూ ఉన్నారు. అది ఎవరికి వారు, డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. ఇదే లోపంతో రాగల అండాశయ క్యాన్సర్‌కి నమ్మదగిన ముందస్తు పరీక్ష లేదు కాబట్టి, పిల్లలు చాలనుకున్నాక అండాశయాలను తీయించుకోమని చెప్తారు.

ఇంటికొచ్చి పాత శుభలేఖ వెనక అందరి పేర్లూ రాసి అత్తకి ఫోన్ చేశాను. "అత్తా, అప్పుడు నీకెన్నేళ్ళు?" కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ముప్ఫై ఎనిమిది. మా అమ్మ పొట్ట ఉబ్బి పోయింది, అదీ రాసుకో. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదే అమ్మాయ్."

జబ్బు వచ్చినవాళ్ళకే ముందు జన్యు పరీక్ష చేస్తే మిగతావాళ్ళకి ఏం వెతకాలో తెలుస్తుందట. అందుకని పోయిన వారం అత్తని తీసుకెళ్ళాను. నర్సమ్మ చెయ్యి పట్టుకోబోతే, "అటు వద్దమ్మా, అటు రొమ్ముకి క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది" అంది, హాల్లో నలుగురూ వినేలా. అని, కుడి చెయ్యి చాపింది.