పాత కొలువుల పింఛను : ఖాతా మార్పు, సలహా వెల

మన సభ్యుల కుటుంబములలో కొంతకాలము మిల్లులందును కర్మాగారములందును పనిచేసినవారు పెక్కుమంది కలరు. ఒక్కొక్క కొలువులో జీతమునుండి కోసిన సొమ్ము ఒక్కొక్క ఖాతాలో నిలిచియుండును. దానిని మార్పించెదమని నూటికి పదివంతున అడుగు మధ్యవర్తులును కలరు. వారి చేతికి కాగితములు ఇయ్యకమునుపు ఈ సంగతులు తెలిసికొనవలయును.

1. మారవలసిన వేవి?

1952 నాటి చట్టముచే ఏర్పడిన ఉద్యోగుల భవిష్యనిధికి సామాన్యముగా కార్మికుడు వేతనములో నూటికి 12 వంతులు చెల్లించును. యజమానియు అంతియే చెల్లించును. యజమాని భాగములో 8.33 వంతులు, ఒక వేతన పరిమితికి లోబడి, 1995 నాటి పింఛను పథకమునకు పోవును. కావున మారవలసినవి రెండు: నిధిలోని సొమ్ము, పింఛను లెక్కకు వచ్చు సంవత్సరములు. సొమ్మును గూర్చి అందరును అడుగుదురు, సంవత్సరములను మరతురు.

2. సంవత్సరముల విలువ

పది సంవత్సరముల సేవ నిండినవారికి 58వ యేట నెలనెలా పింఛను వచ్చును. ఒకడు మొదటి మిల్లులో 6 ఏండ్లు, రెండవదానిలో 5 ఏండ్లు పనిచేసెననుకొందము. రెండును కలిపిన 11 ఏండ్లగును. పింఛను లెక్కకు వచ్చు సగటు వేతనము రూ. 14,000 అయినచో, దానిని 11చే హెచ్చించి 70చే భాగింపగా నెలకు రూ. 2,200 వచ్చును. మొదటి కొలువు విడిచినపుడే పింఛను సొమ్మును తీసికొన్నచో ఆ 6 ఏండ్లు పోయి 5 మాత్రమే మిగులును; నెలసరి పింఛనుకు హక్కుండదు. కొలువు మాని సేద్యమునకు వచ్చినవారు ఆ సొమ్ము తీసికొనక, పథక ధ్రువపత్రమును పొందినచో వారి సంవత్సరములు నిలిచియుండును.

మరియు ఐదేండ్ల సేవ నిండకమునుపు నిధిసొమ్ము తీసినచో సాధారణముగా ఆదాయపు పన్ను లెక్కకు వచ్చును. మార్చుకొన్నచో పాత సేవయు ఈ ఐదేండ్లలో చేరును.

3. సలహా వెల

రూ. 60,000లకు నూటికి పదివంతున రూ. 6,000 పోవును. ఆ సొమ్మే నిధిలో నుండి ఏటికి నూటికి 8 వంతున చక్రవడ్డీ పెరిగినచో తొమ్మిదేండ్లకు దాదాపు రూ. 12,000 అగును. నిజమైన వెల యిదియే. మార్పునకు నిధి కార్యాలయము రుసుము తీసికొనదు.

పాత నిధిని తీసి ఏదో బీమాలో వేయుమని చెప్పువానిని, "దీనివలన నీకెవరు కమీషను ఇత్తురు?" అని అడుగవలయును. ధాన్యము అమ్మునాడు దళారిని అడుగమా? సలహా నిజముగా కావలసినచో సెబీవద్ద నమోదైన సలహాదారునికి, రుసుము ఎన్ని రూపాయలో ముందుగా వ్రాయించుకొని, ఇయ్యవచ్చును.

4. చేయవలసిన పని

2014 నుండి సభ్యునకు ఎన్ని కొలువులు మారినను ఒకే సంఖ్య యుండు ఏర్పాటు కలదు. ఆ సంఖ్యకు ఆధారును బ్యాంకు ఖాతాను చేర్చవలయును. పాత కొలువు విడిచిన తేదీ నమోదైనదో లేదో చూడవలయును. అన్నిచోట్లను పేరు, పుట్టినతేదీ ఒకే తీరున నుండవలయును. పాత జీతపు చీటీలను పారవేయరాదు. ఫోనుకు వచ్చు రహస్యసంఖ్యను ఎవ్వరికిని చెప్పరాదు.

చదువ నేర్చిన పిల్లలచే ఈ పాఠమును ఇంట చదివించి, పాత కాగితములను ఈ నెలలోనే వెదకి యుంచుడు.