ఎపఫ్రొదితు జబ్బుపడ్డాడు
(విదేశ పరిచర్యకు వెళ్లేవారికి ఒక ఆరోగ్య పాఠము)

చదువవలసిన భాగము: ఫిలిప్పీయులకు 2:25-30



మన సంఘాలనుండి యౌవనస్థులు, నర్సులు, ఉపాధ్యాయులు రెండు మూడు వారాల పరిచర్యకు విదేశాలకు వెళ్తున్నారు. టిక్కెట్టు, వీసా, విరాళాల గురించి నెలల ముందే మాట్లాడుకుంటాము. ఆరోగ్యం సంగతి మాత్రం బయలుదేరే వారంలో గుర్తుకు వస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే ఈ నెల పాఠములో ఉగాండా ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకొని, ముందు, అక్కడ, తిరిగి వచ్చాక ఏమి చేయాలో చూద్దాము.

ఎపఫ్రొదితు ఎవరు? ఫిలిప్పీ సంఘము చెరలో ఉన్న పౌలుకు సహాయము పంపినప్పుడు దానిని తీసుకొని వెళ్లినవాడు. అంటే సంఘము పంపగా కొద్దికాలపు పరిచర్యకు వెళ్లిన మనిషి. అక్కడ చావుకు దగ్గరయ్యేంతగా జబ్బుపడ్డాడు. ఆ సంగతి ఇంటివారికి తెలిసిందని మరింత కుమిలిపోయాడు. పౌలు అతనిని విశ్వాసము లేనివాడని తప్పుపట్టలేదు. తిరిగి పంపించి, గౌరవంగా చేర్చుకొమ్మని సంఘానికి వ్రాశాడు. దేవుని పనిమీద వెళ్లినవారికి కూడా జబ్బు చేస్తుంది. "ప్రభువే చూసుకుంటాడు, మందులెందుకు" అనడానికి ఈ భాగములో చోటు లేదు.

1. బయలుదేరక ముందు

కనీసం ఆరు వారాల ముందు డాక్టరును కలవండి. ఉగాండాలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్టు అవసరం. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే అది చెల్లుతుంది. 2016 జూలై నుండి అంతర్జాతీయ నియమాల ప్రకారం ఒక్క టీకా జీవితకాలానికి సరిపోతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ముందుగా రోజు, సమయం కనుక్కొని పాస్‌పోర్టుతో వెళ్లండి.

సర్టిఫికెట్టు తిరుగు ప్రయాణానికి కూడా కావాలి. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. కాని దానిని వ్యాపింపజేసే దోమ మన ఊళ్లలో ఉంది, డెంగ్యూ తెచ్చేది కూడా అదే. అందుకే సర్టిఫికెట్టు లేకుండా అక్కడినుండి వచ్చినవారిని విమానాశ్రయంనుండి ఇంటికి పంపక 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు.

ఈ టీకా అందరికీ పనికిరాదు. గర్భిణులు, గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, 60 ఏళ్లు దాటినవారు ముందుగా డాక్టరుతో వివరంగా మాట్లాడాలి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ధనుర్వాతం టీకాల గురించి కూడా అప్పుడే అడగండి.

బి.పి., షుగరు ఉన్నవారు మొత్తం ప్రయాణానికి సరిపడా మందులను, మరో వారానికి అదనంగా తీసుకొని, చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోకుండా బయలుదేరవద్దు. మనము సువార్తతోపాటు క్షయను మోసుకొని వెళ్లకూడదు.

2. మలేరియా: తేలికగా తీసుకోవద్దు

"మాకు మలేరియా చిన్నప్పటినుండి అలవాటే" అని కొందరు అంటారు. ఇది ప్రమాదకరమైన మాట. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. అది మెదడుకు, మూత్రపిండాలకు పాకి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. పాతకాలపు క్లోరోక్విన్ అక్కడ నమ్మదగినది కాదు.

రాకుండా వాడే మందులు మూడు ఉన్నాయి. డాక్సీసైక్లిన్ రోజుకొకటి, మెఫ్లోక్విన్ వారానికొకటి, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజుకొకటి. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. మూర్ఛ, మానసిక వ్యాధి ఉన్నవారికి మెఫ్లోక్విన్ పనికిరాదు. ఏది సరిపోతుందో డాక్టరే నిర్ణయించాలి. ఇంటికి చేరగానే మాత్రలు ఆపేయవద్దు. మొదటి రెండింటిని వచ్చాక 4 వారాలు, మూడవదానిని 7 రోజులు వేసుకోవాలి. మాత్రలు వేసుకుంటున్నా రాత్రి దోమతెర తప్పనిసరి.

3. అక్కడ ఉన్నప్పుడు

కాచిన నీళ్లు లేక సీలు ఉన్న సీసా నీళ్లు త్రాగండి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు నీటిలో కలిపి త్రాగండి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి.

విక్టోరియా సరస్సు చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆ నీటిలో బిల్హార్జియా పురుగు పిల్లలు చర్మంగుండా లోపలికి వెళ్తాయి. స్నానాలు, ఈతలు వద్దు. బాప్తిస్మముల కొరకు నీటిలో దిగవలసి వచ్చినవారు, ఒంట్లో బాగానే ఉన్నా, తిరిగి వచ్చాక రెండు నెలలకు పరీక్ష చేయించుకోవాలి. దీనికి మంచి మందు ఉంది.

ఇంకొక మాట. వైద్య శిబిరంలో ఉత్సాహంతో అన్ని పనులూ చేయాలనిపిస్తుంది. ఇక్కడ మీకు అనుమతి లేని పని అక్కడా చేయవద్దు. ఇంజెక్షను వేయడం రాని తమ్ముడు ఉగాండాలో నేర్చుకోకూడదు. అక్కడివారి శరీరము కూడా దేవుని ఆలయమే. బి.పి. చూసి ఒక వారం మాత్రలు ఇచ్చి వచ్చేస్తే, ఎనిమిదవ రోజున ఆ తల్లి ఎవరి దగ్గరకు వెళ్లాలి? అందుకే స్థానిక ఆసుపత్రితో, అక్కడి నర్సులతో కలిసి వారి చేతిక్రింద పని చేయండి. రోగుల ఫొటోలు అడగకుండా తీయవద్దు.

మన ప్రాంతపు చరిత్ర కూడా ఇదే నేర్పుతుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికానుండి గుంటూరుకు వచ్చారు, 1930లో అక్కడే కన్నుమూశారు. ఆమెది నలభై ఏడేళ్ల పరిచర్య. రెండు వారాలకు వెళ్లే మనము అలాంటి దీర్ఘకాలపు పనికి చేయూతగా ఉండాలి, అడ్డుగా కాదు.

4. తిరిగి వచ్చాక

ఈ పాఠములో ఒక్కటే గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకోండి. వచ్చిన తరువాత మూడు నెలలలోపు జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. డాక్టరుకు మొదటి మాటగా "నేను ఆఫ్రికా వెళ్లి వచ్చాను" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వైరల్ జ్వరమనో టైఫాయిడ్ అనో అనుకొని విలువైన రోజులు పోతాయి. ఒకసారి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించాలి. ఇంటివారు కూడా ఈ సంగతి తెలుసుకొని ఉండాలి. జ్వరతీవ్రతలో రోగి చెప్పలేకపోవచ్చు.

సంఘపెద్దలకు మనవి: పంపేటప్పుడు చేతులుంచి ప్రార్థించండి. తిరిగి వచ్చాక సాక్ష్యము చెప్పించడమే కాదు, మూడు నెలలపాటు వారి ఆరోగ్యం కనుక్కొనండి. ఎపఫ్రొదితును చేర్చుకొమ్మని పౌలు చెప్పినది అటువంటి సంఘానికే.

ఇంట్లో చర్చించుకొనుటకు:
1. మనము వెళ్లదలచిన చోట ఇప్పటికే పని చేస్తున్న ఆసుపత్రి, సంఘము ఏవి? మనవల్ల వారికి కావలసినది ఏమిటని అడిగామా?
2. మన ఇంటిలో వెళ్లేవారి టీకాలు, మందుల చీటీలు ఎవరి దగ్గర ఉన్నాయి?
3. వెళ్లలేని స్థితిలో ఉన్నవారు ఇక్కడే ఉండి ఏ విధముగా పాలుపొందగలరు?