ఆకుపచ్చ సిరా పుస్తకాలు

సమస్య



నాకు 64 ఏళ్ళు. మాది తెనాలి. మావారు ఆర్‌ఎంఎస్‌లో సార్టరుగా చేసి రిటైరయ్యారు. రాత్రంతా రైల్లో నిలబడి ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే పని. ఆ ఉద్యోగంలో ఆయన సంపాదించినవి పెన్షను, నడుంనొప్పి, పుస్తకాలు. ఏ ఊళ్ళో దిగినా ముందు పాత పుస్తకాలవాళ్ళను వెతుక్కునేవారు. బెజవాడలో లెనిన్ సెంటరు, హైదరాబాదు వెళితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, మద్రాసు వెళితే మూర్ మార్కెట్. 1985లో మూర్ మార్కెట్ తగలబడిందని పేపర్లో చూసి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆయన పోయి మూడేళ్ళయింది. ముందు గది, మేడమీద గది, వరండాలో రెండు బీరువాలు, నేను పడుకునే మంచం కింద... అంతా పుస్తకాలే. 1974 నుంచి ఆయన ఒక పొడుగు రిజిస్టరు రాశారు. పుస్తకం పేరు, కొన్న తేదీ, ఊరు, ధర, నంబరు. ఆఖరి నంబరు 4,316. ప్రతి పుస్తకం మొదటి పేజీలో ఆకుపచ్చ సిరాతో నంబరు వేసి, కింద "చదివి ఇవ్వగలరు" అని రాసేవారు. గెజిటెడ్ ఆఫీసర్ల సిరా ఇంట్లోనైనా వాడుకుంటానే అని నవ్వేవారు. అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవారు. మళ్ళీ అడిగేవారు కాదు. రిజిస్టరులో "తీసుకున్నవారు", "తిరిగి వచ్చిన తేదీ" అని రెండు గడులున్నాయి. మొన్న కూర్చుని లెక్కపెట్టాను. తిరిగిరానివి 612. ఈ విషయం మీద మాకు ఎన్ని గొడవలయ్యాయో.

ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంటుకిచ్చాం. కార్తీకం వెళ్ళేలోపు ఖాళీ చేయాలి. నేను కూకట్‌పల్లిలో అబ్బాయి దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళది రెండు పడకగదుల ఫ్లాటు. "అన్నీ లైబ్రరీకి ఇచ్చేద్దామమ్మా, నాన్న పేరు రాసి ఒక బీరువా పెట్టమందాం" అంటాడు అబ్బాయి. డాలస్‌లో ఉన్న అమ్మాయి "నేను వచ్చేదాకా ఒక్కటి కూడా కదపొద్దు" అంటుంది. వచ్చి మూడేళ్ళయింది, నాన్న కార్యానికి వచ్చిందే. మా మరిది పాత పేపర్ల కొట్టతన్ని తీసుకొచ్చాడు. కిలో 14 రూపాయలట.

మీ దగ్గర దాచడమెందుకు, సీరియల్ నవలలు తప్ప వీటిలో నేను చదివింది లేదు. దులపడం మాత్రం 41 ఏళ్ళు దులిపాను. 1983లో నా నల్లపూసల గొలుసు తెగితే అతికించడానికి దాచుకున్న డబ్బు పెట్టి సూర్యరాయాంధ్ర నిఘంటువు తెచ్చారు. రెండేళ్ళు పసుపుతాడుతో తిరిగాను. ఆ ఎనిమిది సంపుటాలను చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అలాగని పేపర్ల కొట్టతను తక్కెడ దించినప్పుడు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు. నేనేం చేయాలి?

ఒక సోదరి, తెనాలి

సలహా

అమ్మా,

అన్నీ తీసుకెళ్ళకండి. అన్నీ ఒకేచోట ఇవ్వకండి. ఒక బీరువాకు సరిపడా పుస్తకాలూ, ఆ రిజిస్టరూ మీతో కూకట్‌పల్లి వెళ్ళాలి. మిగతావి కార్తీకంలోపే గడప దాటాలి. నా తీర్పు ఇదే.

ముందు మీ మరిదిగారి సంగతి. పుస్తకం సగటున పావుకిలో వేసుకున్నా మీ ఇంట్లో ఉన్నది వెయ్యి కిలోలకు కాస్త తక్కువ. మహా అయితే 13 వేలు వస్తాయి. కానీ ఆయన మాటలో సగం నిజముంది. పిల్లల పాత టెక్స్టు పుస్తకాలు, పోటీపరీక్షల గైడ్లు, కాలం చెల్లిన ఇయర్‌బుక్కులు, చెదలు మధ్యదాకా తిన్నవి, పేజీ తిప్పితే విరిగేవి తక్కెడలోకే వెళ్ళాలి. ముద్రించినదల్లా సరస్వతే అని కళ్ళకద్దుకుంటూ పోతే ఈ పని తెమలదు. ఒకసారి దణ్ణం పెట్టుకుని తూకం వేయించేయండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన లైబ్రరీ మాట. మా నాన్నగారు పోయాక నేనూ అదే చేశాను. పదకొండు బస్తాలు ఒక శాఖా గ్రంథాలయానికి పంపాం. శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఏడాది తర్వాత ఆ ఊరు పనిమీద వెళ్ళి చూద్దును కదా, మెట్ల కింద పదకొండు బస్తాలూ ఉన్నాయి. నేను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. అడుగు వరస బస్తాలు వాననీటికి నాని బూజుపట్టాయి. లైబ్రేరియన్ మీద అరిచి వచ్చాను. అతను పాపం ఒక్కడే మనిషి, ఊడ్చేదీ అతనే, పేపర్లు సర్దేదీ అతనే. అక్కడ ఒక పుస్తకం అలమరలోకి ఎక్కాలంటే స్టాకు రిజిస్టరులో రాయాలి, నంబరు వేయాలి, ముద్రలు కొట్టాలి, కార్డు రాయాలి. ఎక్కాక అది పోతే జవాబు అతనే చెప్పుకోవాలి. నాలుగు వేల పుస్తకాలు ఒక్కసారి దించితే ఎవరికైనా భయం వేస్తుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కాబట్టి అడిగే హక్కు మనకుంది, నిజమే. హక్కు ఉన్నంతమాత్రాన అలమరలు పుట్టుకురావు కదా. లైబ్రరీకి ఇవ్వండి కానీ జాబితా ముందు పంపండి, వాళ్ళు టిక్కు పెట్టినవే పంపండి. వంద పుస్తకాలు అడిగితే వందే. పేరు రాసిన బీరువా షరతు మాత్రం వద్దు. ఆ షరతు వినగానే వాళ్ళు సున్నితంగా తప్పుకుంటారు.

"ఇంటినే లైబ్రరీ చేయొచ్చుగా" అనేవాళ్ళూ మీకు తగులుతారు. యాదాద్రి భువనగిరి జిల్లా ఎల్లంకిలో కూరెళ్ళ విఠలాచార్యగారు తన ఇంటిని అలాగే గ్రంథాలయం చేశారు, 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది తెలిసి ఎత్తుకున్న బరువు. మీ నెత్తిన అది వద్దు.

ఇప్పుడు అసలు జాగ్రత్త ఎక్కడ పడాలో చెబుతాను. లావుపాటి బైండు పుస్తకాలు చూసి అవే విలువైనవి అనుకుంటాం. చాలావరకు అవి మళ్ళీ మళ్ళీ అచ్చయినవే, బజార్లో కొత్తవి దొరుకుతాయి. దొరకనివి ఆ లావుపాటి వాటి మధ్య ఇరుక్కున్న పల్చటివి. నాటక పరిషత్తు సావనీర్లు, ఎవరో హైస్కూలు మాస్టారు సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకున్న పద్యాలు, మూడు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రిక, సన్మాన సంచిక, ఊరి చరిత్ర, ఎన్నికల కరపత్రం. రెండు పిన్నులతో కుట్టి, అట్ట ఊడి, చూడ్డానికి చెత్తలా ఉంటాయి. తూకంలోకి మొదట వెళ్ళేవి ఇవే. తెనాలి లాంటి ప్రెస్సులు, నాటకాలు ఉన్న ఊళ్ళో నలభై ఏళ్ళు పోగేసిన మనిషి దగ్గర ఇవి ఉండి తీరతాయి. తమిళనాడులో కోట్టైయూరు రోజా ముత్తయ్య అని ఒకాయన ఉండేవారు, సైన్‌బోర్డులు రాసే కళాకారుడు. పుస్తకాలతోపాటు పెళ్ళి శుభలేఖలు, నాటకాల నోటీసులు కూడా దాచారు. 1992లో ఆయన పోయాక షికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణ మొత్తం కొన్నది. ఇప్పుడది చెన్నైలో పరిశోధన గ్రంథాలయం. మీకు దగ్గర్లో, వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయానికి పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్ళేది ఎందుకనుకున్నారు? మనం పొట్లాలు కట్టుకునే పాత దినపత్రికలు, పత్రికలు వాళ్ళు పడేయకుండా ఉంచారు కాబట్టి.

అందుకని మొదటి వారమంతా పల్చటివే ఏరండి. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి, ఫొటోలు తీసి, ముందు వేటపాలెంవాళ్ళకు, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రంవాళ్ళకు, మనసు ఫౌండేషన్ లాంటి స్కానింగు చేయించేవాళ్ళకు పంపండి. 'భారతి' పత్రిక సంచికలు ఉన్నాయని బెంగ పెట్టుకోకండి, చాలా సంచికలు ఇప్పటికే స్కానయి ఇంటర్నెట్లో ఉన్నాయి. మీ దగ్గర అట్టలతో సహా బాగున్నవి ఉంటే మాత్రం అడిగి చూడండి, వాళ్ళ దగ్గర లేని సంచిక ఒక్కటున్నా చాలు.

రెండో వారం మనుషుల కోసం. మాస్కోలో అచ్చయి వచ్చిన రాదుగ, ప్రగతి ప్రచురణలు మీ ఇంట్లో ఉండకుండా ఉండవు. సోవియట్ యూనియన్ పోయాక అవి రావడం ఆగిపోయింది. చిన్నప్పుడు వాటిని చదివినవాళ్ళు ఇవాళ యాభైల్లో ఉండి వాటికోసం తిరుగుతున్నారు. ఎమెస్కో పాకెట్ నవలలు మీ వీధి ఆడవాళ్ళకు చెప్పండి, సాయంత్రానికి మిగలవు. చందమామలు మీ మనవలకు అక్కర్లేకపోతే అక్కరున్న తాతలు దొరుకుతారు. మేడమీది గది తలుపు ఒక ఆదివారం తీసిపెట్టండి, మనిషికి ఒక సంచి అనండి. లెనిన్ సెంటరు వాళ్ళను ఆ తర్వాత పిలవండి. ముందు పిలిస్తే మీగడ తీసుకుని మజ్జిగ మీకు వదిలేస్తారు. తప్పుపట్టను, అది వాళ్ళ వ్యాపారం. కానీ వాళ్ళ చేతికి వెళ్ళిన పుస్తకం చదివేవాడి చేతికే వెళుతుంది. మీవారు సగం పుస్తకాలు అలాంటి చేతుల నుంచే తెచ్చుకున్నారు.

బియ్యం బస్తాల్లో మాత్రం కుక్కకండి, మూలలు నలుగుతాయి, తడి పట్టుకుంటుంది. మందుల షాపు అట్టపెట్టెలు మంచివి. వైన్ షాపువి ఇంకా గట్టివి, మీకు మొహమాటమైతే మరిదిగారిని పంపండి, ఆయన ఉత్సాహం దేనికైనా పనికిరావాలి. పెట్టె ఒక్క మనిషి ఎత్తగలిగినంతే ఉండాలి. రబ్బరు బ్యాండ్లు వేయొద్దు, ఎండలకు కరిగి అట్టకు అంటుకుంటాయి. బూజు ఉన్నదాన్ని లేనిదానితో కలపొద్దు. దూరం పంపేవి ఆర్టీసీ కార్గోలో వేస్తే సరి.

అమ్మాయికి ఒక తేదీ చెప్పండి. ఆ రోజు వీడియో కాల్ పెట్టి బీరువాలన్నీ చూపించండి. ఎన్ని కావాలంటే అన్ని ఎంచుకోమనండి, డాలస్ పంపే ఖర్చు తనే పెట్టుకోమనండి. అప్పుడు నాలుగు వేలు నలభై అవుతాయి. తనకు ప్రేమ లేదని కాదు. దూరాన ఉన్నవాళ్ళకు ఆ గదిలో నాన్న కనిపిస్తాడు, దుమ్ము కనిపించదు. అయితే తండ్రి చేతిరాత ఉన్న పుస్తకాలు కొన్ని తనకు అడక్కుండానే పక్కన పెట్టండి, వచ్చినప్పుడు ఇద్దురుగాని.

సూర్యరాయాంధ్ర నిఘంటువు అమ్మేయండి. మొహమాటం లేకుండా బేరమాడి, ఎనిమిది సంపుటాలూ కలిపి అమ్మండి. మాట అర్థం కావలసినవాళ్ళు ఇప్పుడు ఇంటర్నెట్లో ఆంధ్రభారతి సైటులోనే చూసుకుంటున్నారు. వచ్చిన డబ్బు పిల్లలకు చెప్పకండి, మీ చేత్తో మీరే కంసాలి కొట్టుకు తీసుకెళ్ళండి. 1983 నాటి బాకీ అది. ఈనాటి బంగారం ధరకు నాలుగు పూసలు వచ్చినా సరే.

ఆఖరిగా, తక్కెడకు అడ్డంగా ఎందుకు నిలబడ్డానో తెలియదన్నారు. ఆయన లేకుండా ఆయన వస్తువు తీసేయడం ద్రోహమని మీకు అనిపించి ఉంటుంది. నాకైతే మీ రిజిస్టరు ఇంకోలా కనిపిస్తోంది. తిరిగిరానివి 612 అని మీరు లెక్కపెట్టారు. ఆయన లెక్కపెట్టి ఉండరా? రైల్లో రాత్రంతా నిలబడి ఒక్క ఉత్తరం కూడా తప్పు సంచిలో పడకుండా వేసిన మనిషికి, ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో తెలియదా? తెలిసీ అడగలేదు. ఏడింట ఒక వంతు పుస్తకాలు ఆయన బతికుండగానే ఇచ్చేశారు, మీతో గొడవపడి మరీ ఇచ్చేశారు. మీరిప్పుడు చేయబోయేది ఆయన మొదలుపెట్టిన పనే. పేపర్ల కొట్టతన్ని ఆపారే, అదీ ఆయన పద్ధతే. చదివేవాళ్ళకు ఇచ్చారు కానీ తూకానికి ఎప్పుడూ ఇవ్వలేదు.

అందుకే రిజిస్టరు మీతోనే వెళ్ళాలన్నాను. లైబ్రరీకైనా సరే, పేజీలు ఫొటోలు తీసి ఇవ్వండి, అసలుది ఇవ్వకండి. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళినా ఆ "తీసుకున్నవారు" గడిలో పేరు రాయించండి. మీ చేతిరాత అందులో ఇంతవరకు లేదు కదా, ఇక మీరే రాయండి. బీరువాలో ఏం పెట్టుకోవాలో నేను చెప్పను. సీరియల్ నవలలే పెట్టుకున్నా ఎవరూ ఏమనకూడదు.

ఇది చదువుతున్న తెనాలి, బెజవాడ, గుంటూరు పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఏ అటకమీదో ఆకుపచ్చ సిరాతో నంబరు వేసి, కింద "చదివి ఇవ్వగలరు" అని రాసిన పుస్తకం ఉందేమో చూడండి. ఉంటే పుస్తకం పేరు, నంబరు, మీరు చదివారో లేదో, ఒక కార్డు ముక్క మీద రాసి ఈ శీర్షికకు పంపండి. ఆమెకు చేరుస్తాం. పుస్తకం పంపనక్కర్లేదు.