సర్కారు తుమ్మ – మన శ్రమదానము

రాజమహేంద్రవరము చుట్టుపట్ల బీడు భూములలో, రైలు కట్టల ప్రక్కన పెరుగు ముళ్లచెట్టును తెలుగువారు సీమ తుమ్మ యనియు, సర్కారు తుమ్మ యనియు అందురు. ఉర్దూలో అది విలాయతీ బబూల్. సీమ అన్నను, విలాయతీ అన్నను అర్థ మొక్కటియే: సముద్రము దాటి వచ్చినది. సర్కారు అను పేరు మాత్రము దానిని తెచ్చినదెవరో చెప్పుచున్నది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములకు చెందిన ఈ చెట్టు విత్తనములు 1877లో కడప జిల్లా కమలాపురమునకు చేరినవి. ఎండిన నేలలలో వంటచెరకు పెంచుట నాటి అటవీ అధికారుల ఉద్దేశము. ఉద్దేశము మంచిదే, చెట్టు హద్దు నెరుగలేదు. పశువులు తీయని కాయలను తినును. గింజ అరుగక పేడతో వెలువడి మొలచును.

గొడ్డలి పట్టుటయే శ్రమదానమని మనలో పలువురము తలచుదుము. ఈ చెట్టు విషయమున అది పొరపాటు. నరికిన మోటు చుట్టును పిలకలు లేచి, ఒక్క చెట్టు పొద యగును. జానెడుకు మించి త్రవ్వి, పిలకలు పుట్టు వేరుభాగమును పెకలింపవలెను. ఆ తరువాతను ఏండ్ల తరబడి మొలకలను లాగివేయుచుండవలెను.

ముందుగా చెట్టును గుర్తించుట నేర్వవలెను. మన నల్ల తుమ్మకు గుండ్రని పసుపుపచ్చ పూలు, పూసలు గ్రుచ్చినట్లు నొక్కులు గల కాయలు ఉండును. సర్కారు తుమ్మ పూగుత్తులు కంకులవలె పొడవైనవి. కాయలలో ఆ నొక్కులు కానరావు. నాగలికిని, బండికిని పనికివచ్చు నల్ల తుమ్మను నరికి వచ్చినచో అంతకన్న అపచారము లేదు. ఖాళీయైన నేలలో తొలకరికి వేప, కానుగ, నేరేడు, నల్ల మద్ది నాటవచ్చును.

ధవళేశ్వరము దాటి గౌతమి వెంట సముద్రము వైపు పోయినచో మరియొక పాఠము కలదు. 1978లో అభయారణ్యమైన కోరింగలో మడ, పొన్న, తిల్ల చెట్లు ఆటుపోటుల నీటిపై బ్రతుకును. ఆ నీరందని మెరకలు సర్కారు తుమ్మకు అనువైనవి. చెట్లు కొట్టివేసిన చోట నేల క్రుంగి, నిలిచిన నీరు ఎండి, ఉప్పు పేరుకొనును. అందు విత్తు మొలవదు. కనుకనే 1990ల చివరినుండి అటవీశాఖయు, స్వామినాథన్ పరిశోధన సంస్థయు, గ్రామస్థులును ఈ డెల్టాలో మడ అడవులను పునరుద్ధరించినపుడు మొక్కకన్న ముందు కాలువ త్రవ్విరి. పెద్దకాలువకు ఇరువైపుల చేపముల్లువలె పిల్లకాలువలు తీసిరి. పోటునకు నీరు లోనికి వచ్చును, ఆటునకు ఉప్పును కడిగికొని పోవును.

చెప్పక తప్పని మాట యొకటి. ఈ ముళ్లకంపయే పేదయిండ్ల పొయ్యిలో మండుచున్నది. దాని బొగ్గుపై బ్రతుకువారును కలరు. వారి నడుగక ఒక ఆదివారము పోయి నేలను చదును చేసివచ్చుట సేవ యగునా? నరికిన కలప వారికే చెందవలెనని మా అభిప్రాయము.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. తొలకరికి మొక్కలు నాటుదుము, ఛాయాచిత్రము దిగుదుము. నీరు మిక్కిలి అవసరమగు ఏప్రిల్, మే నెలలలో మనము పరీక్షలలోనో, స్వగ్రామములలోనో ఉందుము. వనమహోత్సవము 1950 నుండి జరుగుచున్నది. గోతులు మాత్రము తరచుగా పాతవే! కంప ఏరుకొను ఆ కుటుంబములలో ఒకరిని, మూడు వేసవులు దాటువరకు, కూలి యిచ్చి నీరు పోయుటకు నియమింపవలెనని కోరుచున్నాము. గొడ్డళ్లు, గడ్డపారలు మేమే తెచ్చుకొందుము.