ముందు మన కాలువ గురించి రాయి

చిరంజీవి బుజ్జమ్మకు, మీ మాస్టారు ఆశీర్వదించి రాయునది.

హైదరాబాదులో నువ్వు వేళకి తింటున్నావనే తలుస్తున్నాను. బళ్ళో ఉన్న రోజుల్లోనే నీ క్యారేజీలో సగం పక్కపిల్లకి పెట్టేసి, సాయంత్రానికి మొహం పీక్కుపోయి కూచునేదానివి కాబట్టి ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉంటాను, విసుక్కోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం చేసుకుంటూనే నెలకో వ్యాసం రాసి పదిమందికీ చేరుద్దామనుకుంటున్నావని తెలిసి ఎంత పొంగిపోయానో చెప్పలేను. అయితే కింద నువ్వు రాసిన పట్టిక చూశాక కాస్త బెంగ పట్టుకుంది తల్లీ. పులస పులుసు, ఆత్రేయపురం పూతరేకులు, పాపికొండలు, అంతర్వేది తీర్థం, కడియం పూలతోటలు, మన వైపు తీసిన సినిమాలు, చివర ఎన్నికలు. "వీటిలో ఏది రాస్తే జనం చదువుతారు మాస్టారూ?" అని అడిగావు. విడివిడిగా అన్నీ చదువుతారు. కానీ పులస కోసం వచ్చినవాడు ఎన్నికల వ్యాసం దగ్గరికి రాడు, తీర్థం గురించి చదివినావిడ సినిమా కబుర్ల కోసం నెలంతా ఎదురుచూడదు. నీళ్ళు తక్కువున్న దాళ్వాలో అన్ని బోదెలకీ ఒకేసారి వదిలితే ఏ చేనూ తడవదని, శివారు పొలానికి చుక్క చేరదని కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు కూతురివి, నీకు నేను చెప్పాలా?

నీకు గుర్తుందో లేదో, ఏడో తరగతిలో 'మా నాన్న' అని వ్యాసం రాయమన్నాను. పిల్లలందరూ మా నాన్న మంచివాడు, నన్ను బాగా చూసుకుంటాడు అని రాసుకొచ్చారు. నువ్వు మాత్రం, రాత్రి మంచం మీద పడుకునే మీ నాన్న తూము దగ్గర నీటి చప్పుడు మారితే లేచి కూచుంటాడనీ, పైన ఎవరో తలుపు ఎత్తారని ఆ చప్పుడుబట్టే పోల్చుకుని లాంతరు పట్టుకు వెళతాడనీ, గట్టు మీద కోపంగా ఉన్న రైతుతో కూడా "శివార్లో ముసలామె ఊడ్పులు ఎండిపోతన్నాయి బాబూ, ఈ రాత్రికి ఒదిలెయ్యండి" అని బతిమాలతాడనీ రాశావు. పేజీన్నర, అంతే. అది చదివి వినిపిస్తుంటే చివరి బెంచీ వాళ్ళు కూడా కదల్లేదు. నీకు చదివించే గుణం ఉందని నాకు ఆ రోజే తెలుసు. అది ఎక్కడుందో నువ్వు మరిచిపోయావేమోనన్నదే నా ఆరాటం.

మన రాజమండ్రినే చూడు. కందుకూరి వీరేశలింగంగారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి అందులో ఎన్నో సంగతులు రాశారు, నిజమే. కానీ లంచగొండి అధికారి గురించి రాసినా, ఆడపిల్లల చదువు గురించి రాసినా వాటన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే, సంఘం బాగుపడాలన్న పట్టుదల. నవ్వించడానికి హాస్యసంజీవని, ఆడవాళ్ళ కోసం 1883లో సతీహితబోధిని అని ఎవరి పత్రిక వాళ్ళకి పెట్టారు గాని అందరినీ ఒక్క పందిరి కిందకి తోయలేదు. రాజశేఖర చరిత్రము రాయడానికి కూర్చున్నప్పుడూ ఎక్కడో దూరదేశంలో మొదలుపెట్టలేదు, పక్కనే ఉన్న ధవళేశ్వరం నుంచే ఎత్తుకున్నారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'వడ్లగింజలు' కథ అంతా ఒక్క చదరంగం చుట్టూ తిరుగుతుంది, అయినా ఆ ఆట రానివాళ్ళు కూడా పుస్తకం కింద పెట్టరు. ఇక మన కాలంలో సినిమా డైరెక్టరు వంశీగారు 'మా పసలపూడి కథలు' రాస్తే, పసలపూడి ఏ వైపుందో తెలియనివాళ్ళు సైతం వారంవారం స్వాతి పత్రిక కోసం చూశారు. ఊరు చిన్నదని ఎవరూ అనలేదు.

అందుకని నా మాట విని కాలువ పట్టుకో. విషయం ఇరుకైపోతుందని భయపడకు. 1847లో మొదలై 1852కి పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట ఉంది, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ ఉంది, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని అది నాలుగు ముక్కలుగా ఎందుకుందో ఇక్కడ పుట్టిన పిల్లల్లోనే సగం మందికి తెలియదు. లొల్ల లాకుల దగ్గర షూటింగు చూడ్డానికి పోయేవాళ్ళే గాని, పడవని మధ్యలోకి తెచ్చి వెనక తలుపులు మూసి, కింది వైపు నీటిమట్టంతో సమానమయ్యేదాకా నీళ్ళు వదిలి, ఆ తర్వాతే రెండో వైపు తలుపులు తీసి, అలా మెట్టు దింపినట్టు దింపేవారని వాళ్ళకి చెప్పేవాళ్ళేరీ? ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అంతా ఆ నీళ్ళ మీదే సాగేది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగున ఏం బయటపడుతుందో, గుర్రపుడెక్క ఎలా తీస్తారో, వంతులవారీ నీళ్ళప్పుడు ఊళ్ళ మధ్య మాటలు ఎలా పెరుగుతాయో రాయి. 2011 సార్వాకి మన కోనసీమ రైతులు పంట విరామం అని పొలాలు బీడు పెట్టేశారే, గిట్టుబాటు ధర సంగతి అందరూ రాశారు గాని పూడిపోయిన మురుగుకాలువల సంగతి ఎంతమంది పట్టించుకున్నారు? ఆఖరికి నీ పులస కూడా ఇందులోకి వచ్చేస్తుంది, సముద్రం నుంచి వరదకి ఎదురీది వచ్చే ఆ చేప చాలావరకు ఆగేది బ్యారేజీ దగ్గరే కదా.

ఇలా ఏడాది రాస్తే "ఆ కాలువలమ్మాయి ఈ నెల ఏం రాసిందో" అని ఒకరితో ఒకరు అనుకుంటారు. మొదట్లో చదివేవాళ్ళు కొద్దిమందే ఉండొచ్చు, దిగులు పడకు. అమెరికాలో ఉన్న మన రావులపాలెం కుర్రాడికీ, తణుకులో నారు పోసుకునే రైతుకీ ఇద్దరికీ కాలువతో పనుంది. వాళ్ళు నిన్ను వెతుక్కుంటారు.

ఇంకొక్కటి. గట్ల మీద తగాదాలు రాసేటప్పుడు ఎవరి పేరూ పెట్టకు, ఆ రెండు ఇళ్ళవాళ్ళూ ఇప్పుడు వియ్యమందుకుని ఉండొచ్చు. కొలతలూ సంవత్సరాలూ మాత్రం ఊహించి రాయకు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, వెళ్ళి చూసి రాసుకో. తెలిసిన మాటలు వాడు. తూమునీ, బోదెనీ, లస్కరునీ పట్నంవాళ్ళకి అర్థం కాదేమోనని మార్చకు, సందర్భంలో పెడితే అర్థమవుతాయి.

మీ నాన్న మొన్న సంతలో కనబడ్డాడు. నువ్వు రాస్తున్నావని చెబితే "మా పిల్లకి మీరు నేర్పినదేనండీ" అని తల దించుకున్నాడు గాని, ఆ మొహంలో వెలుగు చూసి తీరాలి. నేను నేర్పింది అక్షరాలే తల్లీ, ఎదుటివాడి చేను తన చేనులా చూడ్డం నీకు ఆయన నేర్పాడు. ఆయన తనంతట తాను ఏమీ చెప్పడు, అడిగితేనే. సంక్రాంతికి వస్తావు కదా, పిండివంటల హడావిడిలో పడిపోక ఒక పూట ఆయన్ని గట్టు మీద కూచోబెట్టుకుని గేజీ ఎలా చూసేవాడో, రిజిస్టరులో ఏం రాసేవాడో, వరద రోజుల్లో ఎన్ని గంటలకోసారి వెళ్ళేవాడో అన్నీ అడిగి రాసుకో. మొదటి వ్యాసం అదే చెయ్యి. ఎవరికీ పంపకముందు నాకు పంపు, ఎర్ర సిరా పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తెలుగు మాస్టారు