కంప్యూటర్ భాష భాషేనా?

భావ వినిమయ సాధనం భాష అని నిర్వచిస్తాం. కంప్యూటర్‌కు భావం లేదు. అయినా సి, జావా, పైథాన్ వంటి వాటిని ప్రోగ్రామింగ్ భాషలని వ్యవహరిస్తున్నాం. ఈ వ్యవహారం యథార్థమా, ఔపచారికమా? భాషా విద్యార్థులు పరిశీలించవలసిన ప్రశ్న ఇది.

భాషకు మొదటి లక్షణం నియమబద్ధత. పాణిని 'అష్టాధ్యాయి'లో దాదాపు నాలుగువేల సూత్రాలతో సంస్కృత భాషాస్వరూపాన్ని నిబంధించాడు. పరిమితమైన సూత్రాలతో అపరిమితమైన రూపాలను సాధించడం ఆ గ్రంథ విశిష్టత. 1960లో వెలువడిన 'ఆల్గాల్ 60' భాషా నివేదికలో వాక్యనిర్మాణ నియమాలను జాన్ బాకస్ సంకేత పద్ధతిలో పొందుపరిచారు. ఈ పద్ధతికి, పాణినీయానికి గల సామ్యాన్ని గుర్తించిన పీటర్ ఇంగర్మన్, దీనిని 'పాణిని-బాకస్ రూపం' అని పిలవాలని 1967లో ప్రతిపాదించాడు. కనుక వ్యాకరణం విషయంలో ఈ భాషలకు లోటు లేదు.

అయితే వ్యాకరణం ఒక్కటే చాలదు. చెప్పగల శక్తి కూడా ఉండాలి. 1989 ప్రమాణం ప్రకారం సి భాష తనకై ప్రత్యేకించుకున్న పదాలు 32 మాత్రమే. ఇంత స్వల్పమైన పదసంపద ఎలా సరిపోతుంది? విలువను గుర్తుంచుకోవడం, షరతునుబట్టి మార్గాన్ని ఎంచుకోవడం, ఒక పనిని కావలసినన్ని మార్లు చేయడం - ఈ మూడింటినీ చెప్పగల భాష, మెమరీకి హద్దు లేదనుకుంటే, గణనకు లొంగే దేనినైనా చెప్పగలదు. ఈ ఆలోచనకు అలన్ ట్యూరింగ్ 1936లో సిద్ధాంత ప్రాతిపదికను సమకూర్చాడు. వెబ్ పుటలను తీర్చే హెచ్.టి.ఎం.ఎల్.కు ఈ శక్తి లేదు. ఇది శీర్షిక, ఇది పేరా అని అది గుర్తులు పెడుతుంది, లెక్క కట్టదు. అందుకే వ్యాకరణం ఉన్నా దానిని సాధారణంగా ప్రోగ్రామింగ్ భాషల కోవలో చేర్చరు.

ఇక అర్థం సంగతి. ఆలంకారికులు అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దవృత్తులను చెప్పారు. పదానికి నియతమైన ముఖ్యార్థాన్ని ఇచ్చేది అభిధ. ప్రోగ్రామింగ్ భాషకు అదొక్కటే గతి. పింగళి సూరన 'రాఘవపాండవీయము'లో ఒకే పద్యం రామకథను, భారతకథను ఏకకాలంలో చెబుతుంది. అక్కడ శ్లేష అలంకారం. ఇక్కడ రెండర్థాలకు తావివ్వడం దోషం. ఆలస్యంగా వచ్చిన మిత్రునితో "ఎంత త్వరగా వచ్చావు!" అంటే అతడు సిగ్గుపడతాడు. ప్రోగ్రాములో అటువంటి వెసులుబాటు లేదు. రాసినదే అర్థం, మనసులో ఉన్నది కాదు.

ఈ భేదం చిన్నది కాదు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అమెరికా వ్యోమనౌక అంగారకుని చేరుతూ నష్టమైంది. ఒక ప్రోగ్రాము ఇంగ్లీషు కొలమానంలో ఇచ్చిన అంకెలను మరొకటి మెట్రిక్ కొలమానంలోనివిగా స్వీకరించింది. అది వ్యాకరణదోషం కాదు. అంకె వెనుక ఉన్న అర్థం ఒకచోటినుండి మరొకచోటికి చేరకపోవడం.

ప్రాచీనులు వేదాన్ని ప్రభుసమ్మితమని, పురాణాన్ని మిత్రసమ్మితమని, కావ్యాన్ని కాంతాసమ్మితమని అన్నారు. ప్రోగ్రామింగ్ భాష కేవలం ప్రభుసమ్మితం. ఆజ్ఞాపించే పరిధిలో అది నిస్సందేహంగా భాషే. కాని "మీ ఉద్దేశం ఇదేనా?" అని అడిగే మిత్రుడు అందులో లేడు. ఆ ప్రశ్న రాసేవారే వేసుకోవాలి. తాను కోరుతున్నదేమిటో ముందుగా తన భాషలో తేటగా చెప్పుకోగలిగినవారే యంత్రానికి సరిగా చెప్పగలరు.