శబ్ద పరీక్ష - ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు

రోగిని పరీక్షించుటకు మన వైద్యులు ఎనిమిది మార్గములు చెప్పిరి. నాడి, మూత్రము, మలము, జిహ్వ, శబ్దము, స్పర్శ, నేత్రములు, ఆకృతి అనునవి ఆ ఎనిమిది. వీనిలో నాడిని గూర్చి అందరును మాటలాడుదురు. శబ్దమును దాదాపు మరచితిమి. ప్రేగుల కూత, కీళ్ల చప్పుడు, కంఠస్వరములోని మార్పు చెవితో విని గ్రహింపవలెనని చరక సంహిత విమానస్థానమున చెప్పబడియున్నది. ఈ శబ్ద పరీక్షకు నేడు వచ్చిన కొత్త సాధనము ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు. దాని విలువ నాకు తెలిసిన విధమును మొదట చెప్పెదను.

నాకు కలిగిన గుణపాఠము

తిరువూరులో మా వీధియందు డెబ్బదియైదేండ్ల వృద్ధురాలొకరు ఉన్నారు. ఆమెను నేను అక్కయ్యగారని పిలుచుదును. ఒక శీతకాలమున ఆమెకు దగ్గు, ఆయాసము పట్టుకొనెను. కఫమే కారణమని తలచి, అడ్డసరపు ఆకు, శొంఠి, మిరియాలు వేసి కషాయము కాచి ఇమ్మని కోడలికి చెప్పితిని. పది దినములు గడచెను. పగలు కొంత నయముగా కనిపించినను, రాత్రి పడుకొనగానే ఊపిరాడక లేచి కూర్చొనెడివారు. సాయంకాలమునకు పాదములు వాచుచుండెను.

సంక్రాంతికి వచ్చిన వారి మనుమరాలు వైద్యురాలు. ఆమె తన స్టెతస్కోపును అక్కయ్యగారి వీపున క్రింది భాగమున ఆనించి చాలసేపు వినెను. పిమ్మట “తాతగారూ, మీరు కూడ వినండి” అని నా చెవులకు తగిలించెను. నా వినికిడి మందగించి చాల ఏండ్లయినది. మామూలు స్టెతస్కోపుతో నాకేమియు వినబడదు. దీనితో మాత్రము స్పష్టముగా వినబడెను. కాగిన పెనముపై ఉప్పు చిటపటలాడినట్టి చప్పుడది. “ఇది ఉబ్బసపు పిల్లికూత కాదండీ. గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరినట్లున్నది. ఆలస్యము చేయరాదు” అని ఆమె చెప్పెను.

ఆ రాత్రియే విజయవాడకు తీసికొనిపోయిరి. ఎకో పరీక్షలో ఆమె మాట నిజమని తేలెను. చికిత్సతో అక్కయ్యగారు కోలుకొనిరి. అడ్డసరము మంచి మందే. వినకయే మందు చెప్పుట నా తప్పు. కూర్చొన్నపుడు హాయి, పడుకొన్నపుడు బాధ తమకశ్వాసలో ఉండునని చరకుడు చెప్పెను. గుండె బలహీనతలోను అట్లే ఉండును. పైకి రెండును ఒకే తీరు. లోపలి శబ్దములు వేరు.

సాధనము పనిచేయు విధము

1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి రొమ్మునకు ఆనించి వినెను. స్టెతస్కోపునకు అదియే పుట్టుక. రెండు చెవులతో వినెడి సాధనము 1850 తరువాత వ్యాప్తికి వచ్చెను.

గుండె చప్పుళ్లు చాల మంద్రమైనవి. వానిలో ఎక్కువ భాగము సెకనుకు 20 మొదలు 200 కంపనములలోపు ఉండును. ఆ స్థాయిలో మన చెవి చురుకు తక్కువ. ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులోని చిన్న మైకు ఆ చప్పుడును విద్యుత్తుగా మార్చును. లోపలి యంత్రభాగము దానిని పెంచి, బయటి రొదను కొంత వడగట్టి చెవికి అందించును. కొన్ని రకములు శబ్దమును 40 రెట్ల వరకు పెంచగలవు.

ఉపయోగములు

వినికిడి తగ్గిన వైద్యులకు ఇది వరము. గుండె చప్పుడును నమోదు చేసి ఆరు నెలల పిమ్మటి చప్పుడుతో పోల్చవచ్చును. ఒకే రోగి శబ్దమును పలువురు విద్యార్థులు వినవచ్చును. 2020లో కరోనా కాలమున ఐఐటీ బాంబే బృందము రూపొందించిన స్టెతస్కోపు, రోగి గుండె చప్పుడును బ్లూటూత్ ద్వారా దూరముగా నున్న వైద్యునికి వినిపించెను. పెద్ద ఆసుపత్రికి సుమారు 70 కిలోమీటర్లు పోవలసిన మావంటి ఊళ్లకు ఇట్టి సదుపాయము ఎంత మేలో చెప్పనక్కరలేదు.

వైద్యము వెలుపల కూడ ఈ విద్యకు పని ఉన్నది. మోటారు బేరింగు అరుగుదలను మెకానిక్కులు ఇట్లే విని పట్టుదురు. కొబ్బరి చెట్టు మొవ్వును తొలిచెడి ఎర్రముక్కు పురుగును దాని నమలుడు చప్పుడును బట్టి గుర్తించు పద్ధతులను శాస్త్రజ్ఞులు రూపొందించిరి.

గృహస్థులు గమనింపవలసినవి

1. ఈ సాధనమును కొని ఇంటిలో రోగనిర్ణయము చేయబూనరాదు. చప్పుడు వినుట సులభము; దాని అర్థము తెలియుటకు ఏండ్ల అభ్యాసము కావలెను. కొన్ని యంత్రములు గుండె చప్పుడులో తేడాను అవియే సూచించును. అది అనుమానము మాత్రమే. వైద్యుడు, ఎకో పరీక్ష దానిని నిర్ధారింపవలెను.

2. వైద్యుడు దూరమునుండి వినునపుడు ఫ్యాను, టీవీ ఆపవలెను. వస్త్రముపై కాక చర్మముపై ఆనించవలెను. వస్త్రపు రాపిడి కూడ పెరిగి వినబడును.

3. పిల్లల దగ్గులో ఏ సాధనమును లేకయే చేయదగిన పరీక్ష ఒకటి గలదు. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు గడియారము చూచి పూర్తి నిమిషము శ్వాసలు లెక్కింపుడు. రెండు నెలలలోపు శిశువునకు 60, సంవత్సరములోపు 50, అయిదేండ్లలోపు 40, లేక అంతకు మించినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డొక్కలెగురుట, పెదవులు నీలివర్ణమగుట ఉన్నచో లెక్కించుచు కూర్చొనరాదు.

4. పెద్దలలో పడుకొన్నచో ఆయాసము, పాదముల వాపు, రొమ్ములో బరువు, కఫములో రక్తము కనబడినచో కషాయముతో కాలయాపన చేయరాదు.

సాధారణ జలుబు, దగ్గులకు మన వంటింటి మందులు చాలును. ఆయాసము కలిగినపుడు మాత్రము మందు కంటె ముందు, తెలిసినవారిచే రొమ్ము వినిపింపుడు. అక్కయ్యగారి విషయమున నేను పోగొట్టిన పది దినములను మీరు పోగొట్టుకొనకుడు.